ఎడమ చెంప

వేసవి సెలవులు మొదలైన ఆదివారం, భోజనాల వేళ దాటాక, టీచరు ఇంట్లో కంప్యూటరు నోరు మూసుకుంది.

ముందు రోజు దాకా అది బాగానే ఉంది. కాస్త గొణిగేది, అంతే. లోపలి ఫ్యానుకి దుమ్ము పట్టి, నిద్ర చెడిన ముసలాయనలా గుర్రుమంటూ ఉండేది. ఏటా సెలవులు రాగానే దాన్ని విప్పి దులపడం ఆ ఇంటి అలవాటు. ఈసారి కూడా ఆమె బల్ల మీద పాత దుప్పటి పరిచి, డబ్బా పక్క రేకు ఊడదీసి, మెత్తటి కుంచెతో సందులన్నీ దులిపింది. తీసినవి మళ్లీ పెట్టింది. రేకు బిగించింది. చేతులు కడుక్కుని వచ్చి, క్లాసులో కొత్త పాఠం మొదలుపెట్టబోయేటప్పటిలా గొంతు సవరించుకుని, బటన్ నొక్కింది.

లోపల ఫ్యాన్ తిరిగింది. గొణుగుడు లేదు, హాయిగా తిరిగింది. ముందువైపు నీలం దీపం వెలిగింది. తెర మీద మాత్రం ‘సిగ్నల్ లేదు’ అన్న మాట ఒకసారి కనిపించి, అది కూడా ఆరిపోయింది. నల్లటి తెరలో ఆమె ముఖం ఆమెకే కనిపించింది.

పెద్ద ప్రాణం, లేవడానికి కాస్త సమయం పడుతుందేమోలే అని ఆగింది. ఆపి మళ్లీ నొక్కింది. ఫ్యాన్ తిరిగింది, దీపం వెలిగింది, తెర నల్లగానే ఉండిపోయింది. ఆమె చేతులు చల్లబడ్డాయి.

ఆ డబ్బాలో ఉన్నదేమిటో తెలిస్తే గానీ, ఒక పాత కంప్యూటరు లేవకపోతే మనిషికి చేతులు ఎందుకు చల్లబడాలో తెలియదు.

టీచరు తల్లి, టీచరుకి ఊహ తెలియకముందే పోయింది. ఆవిడ ముఖం చూడాలంటే ఉన్నది ఒకే ఒక్క ఫొటో. కుర్చీలో కూర్చున్న పడుచు మనిషి, ఒళ్లో పసిపిల్ల. ఆ పిల్ల టీచరే. ఫొటో ఏళ్ల తరబడి పటం అద్దానికి అతుక్కుపోయి ఉండేది. టీచరు భర్త ఫొటోలు తీసే మనిషి. ఊళ్లో ప్రతి చేతిలోకీ ఫోన్ వచ్చి, ప్రతివాడూ ఫొటోగ్రాఫరు అయిపోయాక, స్టూడియో మూసేసి కంప్యూటరు ఇంటికి తెచ్చుకున్నారు. పాత ఫొటోలు బాగుచేసే పని మాత్రం మానలేదు. కిందటేడు ఈ ఫొటో ముందేసుకున్నారు. అద్దం మీద ఉండగానే స్కాన్ చేసి, ఆ తర్వాత మెల్లగా ఊడదీయబోతే, కాగితం పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. ఇక తల్లి ముఖం మిగిలింది కంప్యూటరులోనే.

ఆయన దాని మీద తీరిక దొరికినప్పుడల్లా కూర్చునేవారు. మరకలు పోయాయి. కుర్చీ చేతులు తేలాయి. తల్లి కళ్లు, ముక్కు, కుడి పెదవి కొస తేటపడ్డాయి. ఎడమ కంటి కింద నుంచి గడ్డం దాకా మాత్రం తెల్లటి చీలిక. అక్కడ బాగుచేయడానికి అసలు చెంపే లేదు.

“లేని చెంప నేనెక్కణ్ణుంచి తేను?” అన్నారాయన ఒకరోజు, కుర్చీలో వెనక్కి వాలి. “నీదే అరువు తీసుకోవాలి. అచ్చు గుద్దినట్టు మీ అమ్మ ముఖమే నీది. ఎండ బాగా కాసిన పొద్దున చూసి కిటికీ దగ్గర కూర్చో, ఫొటో తీస్తాను. వెలుతురు ఎడమ నుంచి పడాలి. మీ అమ్మ మీద అలాగే పడింది.”

ఆ వారమంతా ముసురు పట్టింది. తర్వాతి వారం ఆసుపత్రి. ఆ తర్వాత ఆయన లేరు.

నకలు తీసి ఇంకోచోట దాచమని ఆమె అనకపోలేదు. “సగం పని గడప దాటకూడదు” అనేవారాయన. స్టూడియో నడిపినన్నాళ్లూ అదే పట్టింపు. మనిషి వచ్చి ఎదురుగా కూర్చుని ఎంత తొందరపెట్టినా, పూర్తి కాని ఫొటో చూపించేవారు కాదు, చేతికిచ్చేవారు కాదు. పూర్తయ్యాక ఎన్ని నకళ్లయినా తీద్దాం అనేవారు.

ఆయన పోయాక ఆమె చేసిందల్లా ఒక్కటే. సాయంత్రం బడి నుంచి వచ్చి, చెప్పులు విడిచి, కంప్యూటరు పెట్టేది. తల్లి ముఖం తెరిచేది. పక్కన ఆయన కుర్చీ ఖాళీగానే ఉంచి, ఆమె వంటింట్లోంచి స్టూలు తెచ్చుకుని కూర్చునేది. కాసేపు చూసి, ఆపేసి, అన్నం వండుకునేది. ఇంతకుమించి ఆమె సాయంకాలాల్లో చెప్పుకోదగింది ఏమీ లేదు.

ఇప్పుడు అది పోయింది.

*

పిల్లలకి చెప్పే మాటే తనకీ చెప్పుకుంది. లెక్క తప్పితే కంగారు పడకు, మొదటి మెట్టు నుంచి మళ్లీ చెయ్యి.

ప్లగ్గు పీకి, అదే చోట బల్లదీపం పెట్టి చూసింది. దీపం వెలిగింది. కరెంటు బాగానే ఉంది. తెర వెనక వైరు ఊడదీసి మళ్లీ గుచ్చింది. మరలు బిగించింది. లాభం లేదు. రేకు మళ్లీ విప్పింది. ర్యామ్ అనే సన్నటి పలకలు రెండుంటాయి. వాటి అంచున బంగారు పళ్లలాంటివి ఉంటాయి. వాటిని ఆయన రబ్బరుతో తుడిచేవారని గుర్తొచ్చింది. పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరే. అది టీచరు ఇంట్లో లేకపోవడమేమిటి? కొత్తది తీసి, మెల్లగా రుద్ది, పొట్టు ఊది, రెండు పలకలూ టక్కుమనేదాకా నొక్కింది. బటన్ నొక్కి చెవి ఒగ్గి వింది.

ఇదివరకు అది లేచేటప్పుడు ‘కీ’ మని చిన్న కూత పెట్టేది. ఆ కూత లేదు.

హార్డ్ డిస్కు జోలికి వెళ్లడానికి ఆమెకి చెయ్యి రాలేదు. తల్లి ముఖం ఉన్నది అందులోనే. దులిపేటప్పుడు కుంచె గట్టిగా తగిలిందేమో, దుప్పటి మీద పెట్టినప్పుడు ఏదైనా అదిరిందేమో అని రకరకాలుగా అనిపించింది. అమ్మని రెండోసారి పోగొట్టుకున్నానా అన్న మాట మనసులోకి వచ్చింది గానీ, దాన్ని పూర్తిగా అనుకోకుండా లేచి వెళ్లి వంటింట్లో గిన్నెలు తోమింది.

ఆయన ఉన్నప్పుడు ఈ పని ఇద్దరూ కలిసి చేసేవారు. విప్పడం, బిగించడం ఆయన పని. టార్చి పట్టుకోవడం ఆమె పని. చివర్లో రేకు మూసేముందు ఇద్దరి మధ్య ఒక ఆట నడిచేది. ఈసారి ఆమె ఆ ఆట ఆడలేదు. అది ఇద్దరు కావలసిన ఆట.

మర్నాడు డబ్బాని దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని, బజారులో రిపేరు షాపుకి తీసుకెళ్లింది. అక్కడ గోడ పొడుగునా డబ్బాలే. ఒకదాని మీద ఒకటి, పేర్లు రాసిన చీటీలు అంటించుకుని, వానాకాలం ఆసుపత్రి వరండాలో రోగుల్లా వరసగా ఉన్నాయి. రిపేరు చేసే అతను ఇంకో మిషన్లోంచి తల ఎత్తకుండానే అడిగాడు.

“ఏమైందమ్మా, కింద పడేశారా?”

“లేదు. దుమ్ము దులిపాను.”

“మీరే?”

“నేనే.”

“అదీ సంగతి.” ఆ మాటలో వెటకారం లేదు, అలసట ఉంది. “ఉంచి వెళ్లండి. వచ్చే వారం చేతిలోకి తీసుకుంటాను. లోపల ముఖ్యమైనవి ఏమైనా ఉన్నాయా?”

“ఒక ఫొటో ఉంది.”

“ఒక్క ఫొటోయేనా!” అతను ఇప్పుడు తల ఎత్తి, సంతోషంగా నవ్వాడు. “అయితే బెంగే లేదు. అవసరమైతే డిస్కు మొత్తం చెరిపేసి కొత్తగా ఎక్కించి ఇస్తాను. కొత్తదానిలా పరిగెడుతుంది.”

ఆమె దుప్పటి అంచులు మళ్లీ దగ్గరికి లాగింది.

“ఏమ్మా, ఉంచట్లేదా?”

“మళ్లీ తెస్తాను లెండి.”

అతను తప్పేమీ అనలేదని ఆమెకి తెలుసు. ఒక్క ఫొటో అన్నది తనే కదా.

*

ఆ సాయంత్రం మరిదికి ఫోన్ చేసింది.

మరిది పక్క ఊళ్లో బట్టల షాపులో గుమాస్తా. నోరు పెట్టుకుని బతికే మనిషి అని అన్నగారు ఏడిపించేవారు. అన్న ఉన్నప్పుడు నెల తిరక్కుండా వచ్చేవాడు. పోయాక ఫోన్లు పలచబడ్డాయి. వచ్చి ఏం మాట్లాడాలో తెలియక రావట్లేదని ఆమెకి అర్థమైంది. ఆమె కూడా రమ్మని అనలేదు.

“ఏంటి వదినా, సెలవుల్లో కూడా హోంవర్కు ఇస్తావా ఏంటి?”

“కంప్యూటరు లేవట్లేదబ్బాయ్.”

“నా పోలికే అన్నమాట. ఎంత లేపినా లేవదు.”

ఆమె నవ్వలేదు. “దులిపి బిగించాను. అప్పట్నుంచి లేవట్లేదు. మా అమ్మ ఫొటో అందులో ఉంది.”

అవతల షాపులో జనం గోల వినిపించింది. ఎవరో ఇంకో రంగు చూపించమంటున్నారు.

“రేపు పొద్దున బస్సుకి వస్తాను” అన్నాడు మరిది.

“నీకు కంప్యూటరు పని వచ్చా?”

“నాకు తెలిసింది ఆన్ ఒకటి, ఆఫ్ ఒకటి. ఆన్ అవ్వట్లేదంటున్నావు కాబట్టి నా చదువు సగానికి పడిపోయింది. కానీ టార్చి పట్టుకోవడం వచ్చు వదినా.”

అన్నట్టే వచ్చాడు. గదిలోకి వచ్చి అన్న కుర్చీ చూసి, దాని పక్కనుంచి ఒద్దికగా నడిచి, గోడవారన నిలబడ్డాడు.

“కూర్చో” అంది ఆమె.

“నిలబడితేనే బాగా కనిపిస్తుంది.”

“కూర్చోవోయ్. కుర్చీ కరవదు.”

“అది కరవదు గానీ, అన్నయ్య కరుస్తాడు. నా కుర్చీ ఎవరు తిప్పార్రా అంటాడు.” అనేసి, నాలుక కరుచుకున్నాడు. చివరికి స్టూలు అతను తీసుకున్నాడు. ఆమె నిలబడింది. కుర్చీ అలాగే ఉంది.

రేకు విప్పారు. మరిది టార్చి వేసి, లోపలికి తొంగి చూసి, పెద్ద డాక్టరులా మూలిగాడు.

“ఇన్ని వైర్లు! మా షాపులో దారపు ఉండలు నయం. మరి ఏది ఎక్కడ పెట్టాలో అన్నయ్యకి ఎలా గుర్తుండేది?”

ఆమె కుంచె తీసి పక్కన పెట్టింది.

“హాజరు వేసేవాళ్లం” అంది.

“హాజరా?”

“నవ్వకు. ఒక్కోదానికీ ఆయన ఒక పేరు పెట్టారు. అన్నీ బిగించాక నేను వరసగా పిలిచేదాన్ని. ఆయన దాన్ని పట్టుకుని కదిపి చూసి, దాని తరఫున పలికేవారు. ప్రెజెంట్ టీచర్ అని.”

మరిది నవ్వలేదు. “మరి ఈసారి?”

“ఈసారి పిలవలేదు.”

“ఎందుకని?”

“పిలిస్తే పలకాలిగా ఎవరో ఒకరు.”

మరిది టార్చిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. స్టూలు ముందుకు జరుపుకున్నాడు.

“సరే టీచర్. క్లాసు మొదలుపెట్టండి. ఏది ఎవడో వేలు పెట్టి చూపించండి, మిగతాది నేను చూసుకుంటాను.”

“పెద్దాయన” అంది ఆమె, వెడల్పాటి ప్లగ్గు చూపించి. మాట బయటికి సరిగా రాలేదు.

“వెనక బెంచీకి వినపడట్లేదు టీచర్.”

ఆమె నిటారుగా నిలబడింది. బడిలో వాడే గొంతు తెచ్చుకుంది. “పెద్దాయన!”

మరిది ప్లగ్గు కదిపి చూశాడు. గట్టిగా ఉంది. “ఉన్నానమ్మా. మోకాళ్ల నొప్పులతో ఉన్నాను.”

“కవలలు.”

ర్యామ్ పలకలు రెండూ నొక్కి చూశాడు. “ప్రెజెంట్ టీచర్. వీడు కూడా ప్రెజెంట్ టీచర్.”

“గుమాస్తా.”

“ఇది నా ఉద్యోగమే! అన్నయ్య నా పేరు దేనికి పెట్టాడు?”

“హార్డ్ డిస్కుకి. అన్నీ దాచి పెడుతుందని.”

“ప్రెజెంట్ టీచర్” అన్నాడు మరిది. ఈసారి గొంతు మార్చలేదు.

“గొణుగుడు మామ.” అది ఫ్యాన్. “చిల్లర మూక.” అవి బటన్ దగ్గరనుంచి వచ్చే సన్నటి వైర్లు. మూక మొత్తానికి మరిది పీల గొంతుతో ఒకేసారి అరిచాడు. ఆమెకి నవ్వొచ్చింది. అది ఎంతకాలానికి వచ్చిందో గుర్తుచేసుకునే లోపలే, నోటికి అలవాటైన వరసలో తర్వాతి పేరు దానంతటదే వచ్చేసింది.

“మూలబ్బాయి.”

ఎవరూ పలకలేదు.

మూలబ్బాయి పేరుకి ఆయన ఎప్పుడూ వెంటనే పలికేవారు కాదు. ఆమె రెండోసారి కసిరినట్టు పిలిచేదాకా ఊరుకుని, అప్పుడు “దాక్కున్నాడు టీచర్” అనేవారు. ఏటా అదే వేళాకోళం, ఏటా ఆమె విసుక్కోవడం. ఇప్పుడు ఆ నిశ్శబ్దం సరిగ్గా ఆ చోటే వచ్చి కూర్చుంది. ఆమె అలవాటు చొప్పున కాసేపు ఆగి, అలవాటు చొప్పునే కసిరింది.

“మూలబ్బాయి!”

“వీడెవడు వదినా? చూపించలేదు నువ్వు.”

ఆమె ఉలిక్కిపడి వంగింది. “పై మూల ఉంటాడు. చిన్న ప్లగ్గు. పసుపు వైర్లు, నల్ల వైర్లు. లోపలి మెదడుకి కరెంటు ఇచ్చేది వాడే.”

మరిది టార్చి పైకి తిప్పాడు. మూలలో చిన్న తెల్లటి గూడు, చదరపు బొక్కలతో, ఖాళీగా ఉంది.

“రాలేదు టీచర్” అన్నాడు నెమ్మదిగా.

అప్పుడామెకి తెలిసింది. దులిపేటప్పుడు కుంచెకి అడ్డొస్తోందని ఆ వైరు తీసి, డిస్కు అర వెనక్కి తోసింది. మళ్లీ కనపడలేదు కాబట్టి మళ్లీ గుర్తుకు రాలేదు. ఆదివారం నుంచి ఎన్నిసార్లు చూసినా ఆమె కంటికి ఉన్నవే కనిపించాయి. లేనివాడు తెలియాలంటే పేరు పెట్టి పిలవాలి. టీచరుకి ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు.

అర వెనక చెయ్యి పెట్టి వైరు బయటికి లాగింది. గూట్లో పెట్టి నొక్కింది. టక్కుమంది.

“హాజరు” అంది తనే, మెల్లగా. బటన్ నొక్కింది.

‘కీ’ మని కూత.

తెర మీద తెల్లటి అక్షరాలు పరిగెత్తాయి. తర్వాత రంగులు వచ్చాయి. మరిది టార్చి ఆర్పడం మరిచిపోయి, వెలుగుతున్న తెర మీదకే వేసి పట్టుకున్నాడు.

“ఆర్పవోయ్” అంది ఆమె. “బ్యాటరీ అయిపోతుంది.”

*

ఫొటో తెరిచింది. మరిది దాన్ని అదివరకు చూడలేదు.

“అచ్చం నువ్వే వదినా.”

“సగమే.”

“అన్నయ్య చేతి పని” అన్నాడతను. తెర దగ్గరికి వంగి తల్లి కళ్లని, ఒళ్లో పిల్ల పిడికిలిని, తేటపడిన కుర్చీ చేతుల్ని చూశాడు. “పిల్ల గోళ్లు కూడా కనపడేలా చేశాడు, మహానుభావుడు. నా పెళ్లి ఫొటోలో నా జుట్టు మాత్రం పలచగానే ఉంచేశాడు.”

“ఉన్నది ఉన్నట్టు ఉంచాలనేవారు.”

“ఒక నకలు తీసుకో వదినా. ఇవాళ లేచింది, రేపు లేస్తుందో లేదో.”

“సగం పని గడప దాటకూడదనేవారు.”

“అది పూర్తి చేసే మనిషి ఉన్నప్పటి మాట.” అని, తను అన్నది తనకే వినపడినట్టు తల దించుకున్నాడు. “తప్పుగా అనుకోకు.”

“తప్పేముంది?” అంది ఆమె. సొరుగులోంచి పెన్ డ్రైవ్ తీసి, తనే పెట్టి, తనే నకలు తీసి, మరిది చేతిలో పెట్టింది. “నీ దగ్గరే ఉంచు. ఎవరికీ చూపించకు.”

“దేవుడికి కూడా చూపించను.” చొక్కా లోపలి జేబులో దాచుకున్నాడు.

చెంప అరువు సంగతి ఆమె చెప్పింది. మరిది వెంటనే ఫోన్ తీశాడు. “ఇంత చిన్న పనా? కిటికీ దగ్గర కూర్చో, ఇప్పుడే తీసేస్తాను.”

“ఎండ అటు తిరిగిపోయింది. వెలుతురు ఎడమ నుంచి పడాలి. పొద్దున పూటే కుదురుతుంది.”

“అయితే రాత్రికి ఉండిపోతాను. పొద్దున్నే తీసి వెళ్తాను.”

“షాపులో?”

“ఏముంది, తిడతారు. ఇవాళ రానందుకే తిడుతూ ఉంటారు ఈపాటికి.”

“వెళ్లు. ఇంకోసారి వచ్చినప్పుడు చూద్దాంలే.”

అతను గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగాడు. “ఈసారి నువ్వు పిలవాల్సిన పని లేదు వదినా. నేనే వస్తాను.” ఆమె తల ఊపింది. వీధి మలుపు దాకా అతని మాటలు వినిపించాయి. ఎవరినో బస్సు వేళ అడుగుతున్నాడు, వాళ్లని నవ్విస్తున్నాడు. తర్వాత వీధి మామూలుగా అయిపోయింది.

సాయంత్రం ఆమె కంప్యూటరు పెట్టి, తల్లి ముఖం తెరిచి, స్టూలు మీద కూర్చుంది. ఫ్యాన్ చప్పుడు దాదాపు లేదు. ఇన్నాళ్లూ గదిలో ఆ గొణుగుడు ఒక మనిషి ఉన్నట్టు ఉండేదని, అది పోయాక తెలిసింది. కాసేపు చూసి, ఆపేసి, అన్నం వండుకుంది.

మర్నాడు పొద్దున ఎండ బాగా కాసింది. ఆమె కిటికీ దగ్గర స్టూలు వేసుకుని, వెలుతురు ఎడమ నుంచి పడేలా కూర్చుంది. చెంప మీద ఎండ వెచ్చగా తగిలింది. గదిలో ఇంకెవరూ లేరు. మరిది వచ్చి ఫొటో తీసినా, ఆ చెంప తెచ్చి తల్లి ముఖంలో అతికించడం ఎవరికి వచ్చో ఆమెకి తెలియదు. నేర్చుకోవాలంటే ముందు ఆయన కుర్చీలో కూర్చోవాలి.

ఎండ గోడ మీదికి ఎక్కేదాకా ఉండి, లేచి స్టూలు వంటింట్లో పెట్టింది.

ఎడమ చెంప ఫొటో ఇంకా తీయలేదు.